మూగ చోటు

మా నాయన పడవల డాక్టరు. మైపాడులో వేళాకోళంగా మొదలైన ఈ మాట చివరికి మా ఇంటి చిరునామా అయింది. నెల్లూరు నుంచి వచ్చే ఆటోవాళ్ళు "డాక్టరిల్లా?" అని నేరుగా మా వాకిట్లో దించేవాళ్ళు. ఒకసారి నిజంగానే కాలు విరిగిన ముసలాయన్ను తెచ్చి దించారు. నాయన ఆయనకు మంచినీళ్ళిచ్చి, "నా దగ్గర ఉండేది గాజు గుడ్డా, రెజినూ. నీకు పనికిరావు పెద్దాయనా" అని చెప్పి, అదే ఆటోలో నెల్లూరు ఆసుపత్రికి పంపించాడు.

చెక్క పడవలు పోయి అందరూ ఫైబర్ పడవలకు మారాక నాయనకు చేతినిండా పని. ఫైబర్ అంటే ప్లాస్టిక్ అనుకుంటారు చాలామంది. కాదు. గాజును దారంగా తీసి, ఆ దారంతో చేసిన గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పొర పొరకూ రెజిన్ అనే చిక్కటి జిగురు తడిపితే, అది గట్టిపడ్డాక పడవ గుల్ల అవుతుంది. గాజు ఒక్కటే అయితే పుటుక్కుమంటుంది. జిగురు ఒక్కటే అయితే పగిలిపోతుంది. రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటేనే సముద్రం మీదికి పోగలిగే బలం వస్తుంది. ఎక్కడైనా ఆ పట్టు తప్పితే లోపల సన్నటి ఖాళీ మిగులుతుంది. అది పైకి కనపడదు, రంగు వేశాక అసలే కనపడదు.

దాన్ని పట్టుకోవడానికి నాయన దగ్గర ఉన్న పరికరం ఒక పాత అయిదు రూపాయల బిళ్ళ. మందంగా, బరువుగా ఉండే ఆ పాతకాలం బిళ్ళను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పడవ ఒంటిమీద జానెడుకొక చోట తట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చోట టంగుమని గట్టిగా మోగేది. "పలికింది" అనేవాడు. పట్టు తప్పిన చోట చప్పుడు మెత్తగా, లోపలే చచ్చిపోయినట్టు వచ్చేది. "ఇది మూగ" అని సుద్దముక్కతో చుట్టూ గీసేవాడు. నాకు అక్షరాలకంటే ముందు ఈ రెండు మాటలూ వచ్చాయి.

"కండ్లు మూసుకో పాపా. తెరిస్తే రంగు చూస్తావు" అనేవాడు నా చేతికి బిళ్ళ ఇచ్చి. నేను కళ్ళు మూసుకుని తట్టేదాన్ని. నాయనకు అందని మూగ చోట్లు ఒకటి రెండు నాకు దొరికేవి. ఆ రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర మా నాయన మాటలకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. "నా బిడ్డ చెవి ముందు నా చెవి ఎందుకూ పనికిరాదు" అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. అన్నకు ఈ పొగడ్త కాస్త మంటగా ఉండేది. వాడికి చెవి లేదు, చెయ్యి ఉంది. పద్దెనిమిదేళ్ళకే వల లాగడంలో మా పేటలో వాడి తర్వాతే ఎవరైనా.

అమ్మ పోయాక మా ముగ్గురికీ వంట నాయనే చేసేవాడు. రెజిన్ వాసన చేతులకు పట్టి పులుసులోకి కూడా వచ్చేది. మేము ముఖాలు చిట్లిస్తే, "నీళ్ళు కారని పులుసు, తాగండి" అనేవాడు.

నెల్లూరులో డిప్లొమా చదివాక నాకు గూడూరు దాటాక హైవే పక్కనున్న ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ గాలిమర రెక్కలు చేస్తారు. మొదటిరోజు అచ్చులో పడుకోబెట్టిన రెక్కను చూసి నాకు నవ్వొచ్చింది. మా వీధి పొడుగున ఉంది. కానీ దగ్గరికి పోయి చూస్తే అదే గాజు గుడ్డ, అదే రెజిన్ వాసన. పుట్టింటికి వచ్చినట్టనిపించింది.

పని మాత్రం నాయన పనికి వంద ఆమడల దూరం. అక్కడి గుడ్డలో దారాలన్నీ ఒకే దిక్కుకు పడుకుని, కుట్టుతో బిగించి ఉంటాయి. పొడుగునా పరిచిన పొర రెక్కను వంగకుండా ఆపుతుంది, ఏటవాలుగా పరిచిన పొర మెలితిరగకుండా ఆపుతుంది. మధ్యలో బరువు లేని చెక్క పలకలు. రెక్క వెన్ను వెంబడి నల్లటి కార్బన్ పట్టీలు. అవి గాజుకంటే తేలిక, అయినా గాలి ఎంత తోసినా వంగనంటాయి. అన్నీ పరిచాక పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు మూసి, లోపలి గాలినంతా మోటారుతో లాగేస్తారు. ఆ లాగుడుకు రెజిన్ తనంతట తానే పొరల మధ్యకు పాకిపోతుంది. బ్రష్షు పట్టే పనే ఉండదు.

సెలవుకు ఇంటికి వచ్చి ఇదంతా చెబితే నాయన అన్నం కలపడం ఆపి విన్నాడు. "గాలంతా తీసేసి చేసిన రెక్క మళ్ళీ గాలికే తిరగతదా? బాగుండాది మీ కత" అని నవ్వాడు. తర్వాత అడిగాడు, "అయినాక ఎట్టా చూస్తారు, గట్టిగా ఉండాదా లేదా?"

"మిషన్లు ఉండాయి నాయనా. కానీ ముందు చిన్న సుత్తి పెట్టి తట్టి చూస్తాం."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ తట్టే పని నాదేనని చెప్పాక ఇక పట్టపగ్గాల్లేవు. మరుసటి రోజుకే మైపాడంతా, నేను తట్టందే దేశంలో ఒక్క ఫ్యాను కూడా తిరగదని చెప్పుకుంటోంది. ఫ్యాక్టరీలో మా పైఆఫీసరు అలాంటి పట్టు తప్పిన చోటుకు ఇంగ్లీషులో ఏదో పెద్ద మాట వాడేవాడు. నేను ఒకరోజు పొరపాటున "సార్, ఇక్కడ మూగ" అన్నాను. అందరూ నవ్వారు. నెల తిరిగేసరికి ఆ షెడ్డులో అందరూ ఆ మాటే అంటున్నారు.

ఇక అన్న పడవ సంగతి.

ప్రతి ఎండాకాలం రెండు నెలలు సముద్రంలో వేట నిలిపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, నాయనకు అదే కోతల కాలం. ఆ ఏడు అన్న పడవకు వెనకవైపు, ఇంజన్ బిగించే చోటికి దగ్గర్లో అడుగుభాగం నీరసించింది. నాయన పాత పొరలు గీకి, కొత్తవి వేయాలనుకున్నాడు. గాజు దారాలు అడ్డదిడ్డంగా పడి ఉండే ఎప్పటి మ్యాట్ గుడ్డే తెచ్చుకుని పెట్టుకున్నాడు. నేను ఊరుకున్నానా? "ఇదెందుకు నాయనా, మేము వాడే కుట్టు గుడ్డ వెయ్యి. దీనికంటే ఎంతో బలం" అన్నాను. గూడూరులో పాతసామాన్ల కొట్టులో అలాంటి గుడ్డ ముక్కలు దొరుకుతాయని కూడా నేనే చెప్పాను.

బలం అన్నది నిజమే. మిగతా సగం చెప్పలేదు. ఆ గుడ్డలో దారాలు ఒత్తుగా ఉంటాయి, బ్రష్షుతో తడిపితే రెజిన్ లోపలిదాకా దిగదు, ఫ్యాక్టరీలో మోటారు లాగుతుంది కాబట్టే దిగుతుంది. ఇది నాకు తెలియక కాదు. తెలిసింది చెప్పుకునే సంబరంలో ఆ ముక్క నోట్లోనే ఉండిపోయింది. నామీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. మైపాడులో ఏ పామరుడూ చెయ్యని తప్పు, చదువుకున్నదాన్ని కాబట్టి నేను చేశాను.

నాయన పన్నెండు రోజులు ఆ ఎండలో పని చేశాడు. ఎండకు రెజిన్ త్వరగా బిగుసుకుంటుందని, గట్టిపరిచే మందును మూతతో కొలిచి ఎప్పుడూ పోసే దానికంటే తగ్గించి పోశాడట. నా గుడ్డను మూడు పొరలు వేశాడు. వేట మళ్ళీ మొదలవడానికి రెండు రోజుల ముందు నేను ఇంటికి వచ్చేసరికి పడవ బోర్లించి ఉంది. నున్నగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. అన్న ఇంజన్ పనిమీద నెల్లూరు పోయాడు. నాయన జేబులోంచి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తట్టు పాపా."

"నువ్వు చూసుకోలేదా?"

"నువ్వు తట్టు" అన్నాడు మళ్ళీ, కాస్త గట్టిగా. అప్పటికే ఆయన అన్నీ గట్టిగానే మాట్లాడుతున్నాడు. టీవీ శబ్దం గురించి వదిన ఫోన్లో విసుక్కుంటే నేను నవ్వి ఊరుకున్నాను. ముందు ఏడాది నుంచి బిళ్ళ తట్టేటప్పుడు చెంప పడవకు ఆనించి తడుతున్నాడని కూడా చూశాను. అలసిపోయి వాలుతున్నాడనుకున్నాను.

కళ్ళు మూసుకుని తట్టాను. పలికింది. పలికింది. జానెడు జరిగి తట్టాను. పలికింది. వెనక్కు, ఇంజన్ చోటికి బెత్తెడు ఇవతల తట్టినప్పుడు మెత్తటి చప్పుడు వచ్చింది. చుట్టూ తట్టి చూశాను. అరచెయ్యంత మేర మూగ.

కళ్ళు తెరిచాను. నాయన చూపు నా చేతిమీద లేదు, పడవమీద లేదు. నా పెదాలమీద ఉంది. ఆయనకు వినపడటం లేదని అప్పుడు తెలిసింది నాకు. ముప్పయ్యేళ్ళు చెవి పక్కన గ్రైండింగ్ మిషన్ పెట్టుకుని పాత పొరలు గీకినవాడు, ఏ చెవితో అన్నం తిన్నాడో ఆ చెవిని పోగొట్టుకుని, ఆ సంగతి ఊరంతటికీ దాచి, నా పెదాల వంక చూస్తూ నిలబడ్డాడు. కాళ్ళకు రెజిన్ చుక్కలు. వీపంతా ఎండకు కమిలి ఉంది.

"పలికిందా?"

"పలికింది నాయనా" అన్నాను.

ఆ ఒక్క మాట నా నోటినుంచి ఎందుకు వచ్చిందో ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. జాలి అంటాను. ఆయన ముందు ఆయన పనిని తప్పు పట్టలేకపోయానంటాను. ఆ గుడ్డ నేను చెప్పిందే కాబట్టి నా తప్పు బయటపడుతుందని కూడా కావచ్చు. ఈ మూడో మాట రాయడానికి చెయ్యి ఆడలేదు, అయినా రాశాను.

నా ఉపాయం నాకుంది. ఆదివారం మళ్ళీ వస్తాను, అన్నకు చాటుగా చెబుతాను, ఇంజన్ అదురు ఎక్కువగా ఉందని వాడు ఏదో సాకు చెప్పి ఆ చోటు మళ్ళీ గీకించుకుంటాడు, నాయనకు తెలియదు. ఫోన్లో చెబితే వాడు నాయనమీద అరుస్తాడు, అందుకని చెప్పలేదు. పడవ గుల్లకు ఆ నాలుగు రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను. ఆదివారం రెక్కల లారీ పోవాలని ఫ్యాక్టరీలో మమ్మల్ని ఉండమన్నారు. ఆ రోజు నేను ఒక రెక్క అంచులో అరచెయ్యంత మూగ చోటు పట్టుకున్నాను. లారీ ఆగిపోయింది. అందరి ముందూ నిలబెట్టి నాకు చప్పట్లు కొట్టారు.

మంగళవారం పొద్దున అన్న పడవ అడుగు తెగింది. వల నిండి తిరిగి వస్తుంటే వెనకనుంచి నీళ్ళు ఎక్కాయి. వేసిన పొరలు అట్టముక్కలా లేచిపోయాయి. పక్కనే వస్తున్న పడవవాళ్ళు అన్ననూ, వాడితో ఉన్న ఇద్దరినీ ఎక్కించుకున్నారు. ఎక్కేటప్పుడు అల వచ్చి రెండు పడవలూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. మధ్యలో అన్న కుడిచెయ్యి ఉంది. నెల్లూరులో రెండు వేళ్ళు తీసేశారు. మిగిలిన వేళ్ళు ఉన్నాయంతే, పట్టు లేదు. వల లాగడంలో వాడి తర్వాతే ఎవరైనా అని రాశాను కదా పైన, అది అప్పటి మాట.

పడవను తాళ్ళతో ఒడ్డుకు లాక్కొచ్చారు. నాయన ఆ తెగిన చోట కూర్చుని పొరల అంచులు వేళ్ళతో విడదీసి చూశాడు. లోపల దారాలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. రెజిన్ చుక్క తగలలేదు. ఆయన వాటిని చాలాసేపు నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. అరచెయ్యంత చోటు పొడిగా ఉంటే నా చెవికి అందకుండా పోదని ఆయనకు తెలుసు. నేను తల వంచుకున్నాను.

టీ కొట్టు దగ్గర ఎవరో అననే అన్నారు. "నీ కూతురు అంతలావు ఫ్యాను రెక్కలకే పరీక్ష పెడతది గదా. ఒకతూరి ఆ పిల్లను తట్టమని అడగలేదా?"

నేను ఆయన పక్కనే ఉన్నాను, చేతిలో గ్లాసుతో. నాయన ఆ మనిషి పెదాలు చూసి అర్థం చేసుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు.

"అడగలేదు. నా పని నేను చూసుకోలేనా అనుకున్నా. నాకు చెవులు పోయి ఏడాదైంది. మీకెవరికీ చెప్పలా. తప్పు నాదే."

ఏడాదిపాటు దాచుకున్న రహస్యాన్ని నా కోసం నడివీధిలో పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన దగ్గరికి ఒక్క పడవా రాలేదు. డాక్టరన్న మాట కూడా పోయింది, చెవిటాయన అని మొదలుపెట్టారు. నేను నోరు విప్పి ఒక్క మాట అని ఉంటే చాలు. అనలేదు. ఇంట్లో ఇద్దరమే ఉన్నప్పుడు రెండుసార్లు కాళ్ళు పట్టుకోబోయాను. "లెయ్ లెయ్, నాకేం వినపడదు" అని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెదాలు చూడకపోతే ఆయనకు ఏదీ వినపడదు మరి.

మళ్ళీ ఎండాకాలం రాకముందే ఆయనకు ఆయాసం పట్టుకుంది. ఇన్నేళ్ళ గాజు పొడి, బీడీలు. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాం. అన్న పగలంతా అక్కడే ఉండేవాడు. నేను సెలవు పెట్టి వచ్చాను. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి, నాయనను ముందుకు వంచి కూర్చోబెట్టి, వీపుమీద ఒక చెయ్యి ఆనించి రెండో చేతి వేలితో తట్టడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, జానెడు జానెడు.

నాయన ఒళ్ళు ఆ దెబ్బల్ని గుర్తుపట్టింది. మెడ తిప్పి చూశాడు. కళ్ళలో ఎన్నాళ్ళకో వెలుగు వచ్చింది. నా పెదాల వంక చూశాడు.

"పలికిందా పాపా?"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు వినపడింది. పైన మోగుతోంది. కుడివైపు కింద, ఊపిరితిత్తి దగ్గర నీరు చేరిన చోట చప్పుడు మెత్తగా ఆగిపోతోంది. నేను ఆయన ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను.

"పైన పలుకుతోంది నాయనా. కింద మూగ."

ఆయన తల ఊపాడు. నా తలమీద చెయ్యి పెట్టి దగ్గరికి లాక్కున్నాడు. చెవిలో గుసగుసగా చెబుతున్నాననుకున్నాడు. తన గొంతు తనకు వినపడని మనిషి. వార్డు మొత్తానికీ వినపడింది.

"ఆ దినం పడవకు గూడా ఇట్టానే చెప్పుండాల్సింది పాపా. తట్టింది నువ్వు, నీకు వినపడింది. నేనెవురికీ చెప్పలా. చెప్పను. నువ్వు గూడా అన్నకు చెప్పబాక."

అన్న మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాడు, ఎడమచేత్తో ఫ్లాస్కు పట్టుకుని. నన్ను చూశాడు. ఫ్లాస్కును స్టూలుమీద పెట్టి బయటికి పోయాడు. నేను వెనకే పోయాను. వరండా చివర కుళాయి దగ్గర ఒంటిచేత్తో గ్లాసులు కడుగుతున్నాడు.

"అన్నా" అన్నాను.

"పాలు చల్లారిపోతాయి. పోయి నాయనకు తాగించు" అన్నాడు, తల ఎత్తకుండా.

అయిదో రోజు నాయన పోయాడు. అన్న కూడా విన్నాడని ఆయనకు తెలియదు. ఆ రహస్యం భద్రంగా దాచాననుకునే పోయాడు.

నేను ఇప్పటికీ రెక్కలు తడుతున్నాను. అన్న నాతో బాగానే ఉంటాడు. పండగకు పిలుస్తాడు, నా పిల్లల చదువులు అడుగుతాడు, గూడూరు బస్సెక్కిస్తాడు. వాడిప్పుడు వలకు పోడు. పడవను వేరేవాళ్ళతో నడిపిస్తున్నాడు. మొన్న వేట ఆగిన నెలల్లో ఆ పడవకు మళ్ళీ మరమ్మతు చేయించాడు. పని అయిన రోజు నేను అక్కడే ఉన్నాను. వంటింట్లో వదినతో కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతున్నాను. బయట వాకాడు నుంచి పిలిపించిన మనిషి పడవను తడుతున్నాడు. చప్పుడును బట్టే తెలిసింది, అది నాయన బిళ్ళ. చేతిలో పని ఆపి, కళ్ళు మూసుకుని, మొదటినుంచి చివరిదాకా అన్నీ విన్నాను. అన్నీ పలికాయి.

అన్న నన్ను అడగలేదు.